న్యాయ సమాచార అన్వేషణ

ఒక వివాదానికి వర్తించే చట్టం ఏది, కోర్టులు దాన్ని ఎలా అన్వయించాయి, ఆ అన్వయం ఈ రోజుకూ నిలిచి ఉందా అన్న మూడు ప్రశ్నలను తేల్చుకోవడానికి న్యాయవాది చేసే వెతుకులాటను న్యాయ సమాచార అన్వేషణ అంటారు. లా కాలేజీల్లో దీనికి లీగల్ రీసెర్చ్ అని పేరు. కోర్టు ఆవరణలో కేస్ లా చూడటం, సైటేషన్లు తీయడం అంటారు. మొదటి రెండు ప్రశ్నలకు ఇప్పుడు ఫోన్‌లోనే జవాబులు దొరుకుతున్నాయి. మూడోదానికి మాత్రం ఇంకా మనిషి కూర్చుని చదవాల్సిందే. అన్వేషణలో అసలు కష్టం అక్కడే ఉంది, పొరపాట్లు ఎక్కువగా జరిగేదీ అక్కడే. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశంలోని పద్ధతిని, అందులో తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకమైన అంశాలను వివరిస్తుంది.

పరిధి

భారతదేశం ఇంగ్లండ్ నుంచి వచ్చిన కామన్ లా సంప్రదాయాన్ని అనుసరిస్తుంది. చట్టసభ చేసిన శాసనంతో పాటు పైకోర్టులు ఇచ్చిన తీర్పులు కూడా ఈ సంప్రదాయంలో చట్టమే. రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టానికి దేశంలోని కోర్టులన్నీ కట్టుబడాలి. హైకోర్టు తీర్పు ఆ రాష్ట్రంలోని కింది కోర్టులకు శిరోధార్యం. పక్క రాష్ట్రంలో దాన్ని గౌరవంగా పరిశీలిస్తారు గానీ, పాటించి తీరాలన్న నిర్బంధం లేదు.

తీర్పులోనూ ప్రతి మాటకూ ఒకే బరువు ఉండదు. వివాదాన్ని తేల్చడానికి ఆధారమైన న్యాయసూత్రాన్ని రేషియో అంటారు. అదే కట్టుబాటు కలిగిస్తుంది. సందర్భవశాత్తు చెప్పిన మాటలను ఆబిటర్ అంటారు (చూ. పూర్వ నిర్ణయ సిద్ధాంతం). అన్వేషణ పూర్తయిందని చెప్పాలంటే తీర్పు దొరికితే చాలదు, అందులో ఏ పేరా రేషియోయో గుర్తించి ఉండాలి.

వాస్తవాల సేకరణ దీనికి జంటగా సాగే పని. భూమి కేసు చేపట్టిన న్యాయవాది తీర్పుల జోలికి వెళ్లకముందే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు దస్తావేజులు, రెవెన్యూ రికార్డు నకళ్లు తెప్పిస్తారు. తెలంగాణ జిల్లాల్లో ఆ వెతుకులాట 1954–55 నాటి ఖాస్రా పహాణీ దాకా, అంతకు ముందరి సేత్వార్ దాకా పోతుంది. నిజాం కాలపు రికార్డు ఉర్దూలో ఉంటుంది కాబట్టి దాన్ని చదివి చెప్పేవారిని వెతుక్కోవడం కూడా పనిలో భాగమే. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో దీనికి సాటిగా సెటిల్‌మెంట్ కాలపు అడంగళ్లు, రీసర్వే రిజిస్టర్లు చూస్తారు. ఈ వ్యాసంలో ఇకపై చర్చ చట్టానికి, తీర్పులకే పరిమితం.

చరిత్ర

తీర్పులను రాసి పెట్టుకునే అలవాటు ఇంగ్లండ్‌లో 13వ శతాబ్దం చివరి నుంచి కనిపిస్తుంది. తర్వాతి కాలంలో లాయర్లు సొంతంగా రిపోర్టులు అచ్చు వేసేవారు. అవి వాళ్ల పేర్లతోనే చలామణి అయ్యేవి. ఒకే తీర్పు రెండు రిపోర్టుల్లో రెండు రకాలుగా కనిపించే చిక్కు అప్పట్లో ఉండేది. అక్కడ 1865లో లా రిపోర్ట్స్ మొదలైన తర్వాత కొంత క్రమం వచ్చింది.

భారతదేశపు కేసుల్లో ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పులు 1836 నుంచి మూర్స్ ఇండియన్ అప్పీల్స్ అన్న సంపుటాల్లో వచ్చాయి. 1862లో మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో హైకోర్టులు ఏర్పడ్డాక ఒక్కో కోర్టుకూ రిపోర్టులు పుట్టాయి. 1875 నాటి ఇండియన్ లా రిపోర్ట్స్ చట్టం వీటికి ప్రభుత్వ ముద్ర వేసింది. అధికారిక రిపోర్టులో లేని తీర్పును ఎవరైనా ఉదహరిస్తే వినాల్సిన నిర్బంధం కోర్టుకు లేదని ఆ చట్టం చెప్పింది. 1876 నుంచి ఐఎల్ఆర్ సంపుటాలు వెలువడ్డాయి. కానీ అధికారిక ముద్రణ ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది. ఆ జాప్యమే ప్రైవేటు రిపోర్టర్లకు దారి తీసింది. మద్రాసు లా జర్నల్ 1891లో, నాగపూర్ నుంచి ఆలిండియా రిపోర్టర్ 1922లో మొదలయ్యాయి. వి. వి. చితాలే స్థాపించిన ఈ రెండోది అన్ని హైకోర్టులనూ ఒకేచోటికి తెచ్చింది. ఒక తరం లాయర్లకు ఏఐఆర్ అన్న మూడక్షరాలు రిపోర్టుకు మారుపేరు అయ్యాయి. చట్టం వినక్కర్లేదన్న ప్రైవేటు రిపోర్టులనే కోర్టులు రోజూ విన్నాయి, ఇప్పటికీ వింటున్నాయి.

1950లో సుప్రీంకోర్టు ఏర్పడినప్పటి నుంచి దాని అధికారిక సంకలనం సుప్రీంకోర్టు రిపోర్ట్స్. లక్నోలోని ఈస్టర్న్ బుక్ కంపెనీ 1969లో సుప్రీంకోర్టు కేసెస్ ప్రారంభించింది. చక్కగా విడదీసిన పేరాలు, నిశితమైన హెడ్‌నోట్లు (సంపాదకుడి సారాంశాలు) ఉండటంతో ఎస్‌సీసీ త్వరలోనే అందరి చేతుల్లోకీ వెళ్లింది.

ఆంధ్ర హైకోర్టు 1954 జూలై 5న గుంటూరులో ఏర్పడింది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుగా హైదరాబాదుకు మారింది. దీని తీర్పులకు ఆంధ్ర వీక్లీ రిపోర్టర్, ఆంధ్ర లా టైమ్స్, ఆంధ్ర లీగల్ డెసిషన్స్ వంటి ప్రాంతీయ రిపోర్టర్లు వచ్చాయి. తాలూకా కోర్టులో ప్రాక్టీసు చేసే లాయరు ఇంట్లో ఏఐఆర్ లేకపోయినా ఏఎల్‌టీ, ఏఎల్‌డీ వరసలు తోలు బైండింగుతో కనిపించేవి. చనిపోయిన సీనియర్ లైబ్రరీని కొనుక్కుని ప్రాక్టీసు మొదలుపెట్టడం చాలామందికి అలవాటు.

కంప్యూటర్లో తీర్పుల వెతుకులాట అమెరికాలో లెక్సిస్ (1973), వెస్ట్‌లా (1975) సేవలతో వృత్తిలోకి వచ్చింది. భారతదేశంలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ జ్యూడిస్ పేరుతో తీర్పుల భాండాగారం తయారుచేసింది. తర్వాత మనుపాత్ర, ఎస్‌సీసీ ఆన్‌లైన్ వంటి చందా సేవలు, 2008లో సుశాంత్ సిన్హా ప్రారంభించిన ఉచిత వేదిక ఇండియన్ కానూన్ వచ్చాయి. ఈ చివరిది చిన్న ఊళ్ల లాయర్లకు చేసిన మేలు ఎంత చెప్పినా తక్కువే. చందా కట్టలేని జూనియరుకు కూడా సుప్రీంకోర్టు తీర్పు పూర్తి పాఠం అందులో సులువుగా దొరుకుతుంది.

ఆధారాల రకాలు

రాజ్యాంగం, పార్లమెంటు, శాసనసభల చట్టాలు, వాటి కింద చేసిన నియమాలు, గెజిట్ నోటిఫికేషన్లు, జీవోలు, పైకోర్టుల తీర్పులు ప్రాథమిక ఆధారాలు. వాదనలో నేరుగా నిలబడేవి ఇవే. వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం ఒక్కటే ఉన్న పుస్తకాన్ని బేర్ యాక్ట్ అంటారు. కేంద్ర, రాష్ట్ర చట్టాలను ప్రభుత్వం ఇండియా కోడ్ పోర్టల్లో ఉంచుతోంది.

వ్యాఖ్యాన గ్రంథాలు, డైజెస్టులు, నిఘంటువులు, వ్యాసాలు ద్వితీయ ఆధారాలు. హిందూ చట్టానికి, సివిల్ ప్రొసీజర్‌కు ముల్లా, సాక్ష్యానికి సర్కార్, శిక్షాస్మృతికి రతన్‌లాల్ ధీరజ్‌లాల్, రాజ్యాంగానికి సీర్వాయి, పదాల అర్థానికి పి. రామనాథ అయ్యర్ లా లెక్సికన్ తరతరాలుగా వాడుకలో ఉన్నాయి. ఇవి కోర్టును కట్టడి చేయవు, కానీ అన్వేషణ మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. తెలియని విషయంలో నేరుగా డేటాబేస్‌లోకి దిగినవారికి వేలకొద్దీ తీర్పులు కనిపిస్తాయి. ముల్లాలో ఆ సెక్షన్ కింది వ్యాఖ్య చదివి దిగినవారికి ఏ పది తీర్పులు ముఖ్యమో ముందే తెలిసి ఉంటుంది.

సైటేషన్

తీర్పు చిరునామాను సైటేషన్ అంటారు. (2017) 16 ఎస్‌సీసీ 680 అంటే 2017 సంవత్సరానికి చెందిన సుప్రీంకోర్టు కేసెస్ 16వ సంపుటం 680వ పేజీ. ఒకే తీర్పు మూడు నాలుగు రిపోర్టర్లలో అచ్చవుతుంది కాబట్టి దానికి మూడు నాలుగు చిరునామాలు ఉంటాయి. వాటిని సమాంతర సైటేషన్లు అంటారు. లాయరు ఏఐఆర్ పేజీ చెబితే, బెంచి మీద ఎస్‌సీసీ ఉంటే, కోర్టు హాల్లో కాసేపు పేజీలు తిరగేసే పని పడుతుంది.

దీనికి పరిష్కారంగా సుప్రీంకోర్టు 2023లో తటస్థ సైటేషన్ ప్రవేశపెట్టింది. సంవత్సరం, ఐఎన్‌ఎస్‌సీ అన్న అక్షరాలు, వరస సంఖ్య ఉండే ఈ గుర్తు ఏ ప్రచురణకర్తకూ చెందదు. అదే ఏడాది జనవరిలో ఈ-ఎస్‌సీఆర్ పేరుతో అధికారిక రిపోర్టును ఉచితంగా అందుబాటులో పెట్టారు. దాదాపు 34,000 తీర్పులతో అది మొదలైంది.

తీర్పుల మీద కాపీరైటు ఎవరిది అన్న ప్రశ్న కూడా కోర్టుకెక్కింది. ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి. బి. మోదక్ కేసులో 2007 డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పు పాఠం ప్రజలదేనని స్పష్టం చేసింది. ప్రచురణకర్త సొంతంగా రాసిన హెడ్‌నోట్లకు, పేరాల విభజన వంటి కొన్ని సంపాదక జోడింపులకు మాత్రం రక్షణ ఉంటుందని చెప్పింది. ఉచిత వేదికలు ధైర్యంగా నిలబడగలగడానికి ఈ తేడా ముఖ్యం. హెడ్‌నోట్ తీర్పులో భాగం కాదన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. అది సంపాదకుడి సారాంశం మాత్రమే. హెడ్‌నోట్ చదివి వాదించి, జడ్జి పేరా చూపించమంటే తడబడటం కోర్టుల్లో తరచూ కనిపించే దృశ్యం.

అన్వేషణ సాగే తీరు

బ్రిటన్‌కు చెందిన సమాచార శాస్త్ర పరిశోధకుడు డేవిడ్ ఎల్లిస్ 1989లో పండితులు సమాచారం వెతికే తీరును వర్ణిస్తూ, మొదలుపెట్టడం, గొలుసు పట్టుకుని పోవడం, తిరగేయడం, వేరుచేయడం, కనిపెట్టి ఉండటం, అవసరమైనది బయటికి తీయడం అన్న పనులను గుర్తించారు. తర్వాత లండన్‌లో స్టెఫాన్ మాక్రీ, ఆయన సహచరులు ఈ నమూనాను న్యాయవాదుల మీద పరీక్షించి 2008లో ప్రచురించారు. ఈ పనుల్లో న్యాయవాదికి ప్రాణం లాంటిది గొలుసు పట్టుకోవడం. ఒక తీర్పు తన కంటే ముందరి తీర్పులను పేర్కొంటుంది, తర్వాతి తీర్పులు దాన్ని పేర్కొంటాయి. వెనక్కి వెళితే సూత్రం మూలం తెలుస్తుంది. ముందుకు వెళితే అది బతికుందో లేదో తెలుస్తుంది.

మోటారు ప్రమాద పరిహారం కేసు ఒకటి తీసుకుంటే ఇది కళ్లకు కడుతుంది. సొంతంగా ఆటో నడుపుకునే 35 ఏళ్ల మనిషి ప్రమాదంలో చనిపోయాడనుకుందాం. నెల ఆదాయం 15,000 రూపాయలు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆయన మీద ఆధారపడినవారు. భవిష్యత్తులో ఆదాయం పెరిగి ఉండేది కాబట్టి పరిహారం లెక్కలో ఎంత శాతం కలపాలి అన్నది న్యాయవాది ముందున్న ప్రశ్న.

సుప్రీంకోర్టు ఇచ్చిన సరళా వర్మ తీర్పు (2009) దొరికితే జవాబు ఒకటి. ఆదాయాన్ని వయసును బట్టి ఏ సంఖ్యతో గుణించాలో ఆ తీర్పు పట్టిక ఇచ్చింది. 31–35 ఏళ్లకు ఆ సంఖ్య 16. ఆధారపడినవారు నలుగురైతే సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేయాలంది. స్వయం ఉపాధిలో ఉన్నవారికి మాత్రం సాధారణంగా చనిపోయేనాటి ఆదాయాన్నే లెక్కించాలంది. అలా చూస్తే 15,000లో నాలుగో వంతు పోగా 11,250, ఏడాదికి 1,35,000, పదహారు రెట్లు 21,60,000 రూపాయలు.

రాజేష్ తీర్పు (2013) దొరికితే జవాబు మరొకటి. నలభై ఏళ్ల లోపు స్వయం ఉపాధివారికి 50 శాతం కలపమంది. అప్పుడు మొత్తం 32,40,000.

ప్రణయ్ సేథీ తీర్పు దగ్గరికి వెళితే గానీ అసలు జవాబు దొరకదు. 2017 అక్టోబరు 31న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన ఈ తీర్పు నలభై లోపు స్వయం ఉపాధివారికి 40 శాతం కలపాలని తేల్చింది. 15,000కు 40 శాతం చేరిస్తే 21,000. నాలుగో వంతు తీసేస్తే 15,750, ఏడాదికి 1,89,000, పదహారు రెట్లు 30,24,000. దీనికి తోడు ఆస్తి నష్టం, అంత్యక్రియల ఖర్చుల కింద 15,000 చొప్పున, సాహచర్య నష్టం కింద 40,000 ఇవ్వాలని, ఈ మొత్తాలను మూడేళ్లకోసారి పది శాతం పెంచాలని కూడా అంది.

2009 తీర్పు దగ్గరే ఆగిపోయిన న్యాయవాది వల్ల ఆ కుటుంబం పోగొట్టుకునేది 8,64,000 రూపాయలు. పట్టిక, కోతల విషయంలో సరళా వర్మ ఇప్పటికీ చెల్లుతుంది. భవిష్యత్ ఆదాయం విషయంలో మాత్రం చెల్లదు. ఒకే తీర్పులో ఒక భాగం నిలిచి, మరో భాగం పోవడం ఈ వృత్తిలో మామూలు.

చెల్లుబాటు పరీక్ష

రాజేష్ తీర్పు ముగ్గురు జడ్జీలది. అది ఎందుకు నిలవలేదో తెలుసుకోవడం ఉపయోగకరం. రేష్మా కుమారి కేసులో మరో ముగ్గురు జడ్జీల ధర్మాసనం 2013 ఏప్రిల్ 2న తీర్పు ఇచ్చింది. పది రోజుల తర్వాత, ఏప్రిల్ 12న వచ్చిన రాజేష్ తీర్పు దాన్ని గమనించలేదు. సమాన సంఖ్య గల ముందరి ధర్మాసనం మాటను చూడకుండా ఇచ్చినందువల్ల రాజేష్ కట్టుబాటు గల పూర్వ నిర్ణయం కాదని ప్రణయ్ సేథీ ధర్మాసనం ప్రకటించింది. విచిత్రం ఏమిటంటే ఎస్‌సీసీ 2013 తొమ్మిదో సంపుటంలో రాజేష్ 54వ పేజీలో, రేష్మా కుమారి 65వ పేజీలో ఉన్నాయి. పేజీ వరస చూసి ఏది ముందు, ఏది తర్వాత అని నిర్ణయించుకున్నవారు పొరపడతారు. తీర్పు తేదీ, జడ్జీల సంఖ్య అన్నవి ప్రతి సైటేషన్ పక్కన రాసుకోవాలని సీనియర్లు జూనియర్లకు చెప్పేది ఇందుకే.

ఒక తీర్పును తర్వాతి కోర్టులు అనుసరించవచ్చు, వాస్తవాలు వేరంటూ పక్కన పెట్టవచ్చు, తోసిపుచ్చవచ్చు. అప్పీలులో అదే తీర్పు తిరగబడవచ్చు. చట్టసభ సవరణ చేసి దాని ఆధారాన్నే తొలగించవచ్చు. వర్తించే శాసనాన్ని లేదా కట్టుబడాల్సిన తీర్పును చూడకుండా ఇచ్చినదాన్ని పెర్ ఇన్‌క్యూరియమ్ అంటారు. ఈ మార్పులన్నిటినీ నమోదు చేసే సాధనం సైటేటర్. అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ 1873లో మొదలుపెట్టిన షెపర్డ్స్ సైటేషన్స్ వీటిలో పేరున్నది. ఇక్కడి చందా డేటాబేస్‌లు ఇదే పనిని రంగు గుర్తులతో చేస్తున్నాయి. రంగు చూసి ఊరుకోకుండా ఆ గుర్తు ఎందుకు పెట్టారో తెరిచి చూడాలి. తోసిపుచ్చారన్న గుర్తు మన పేరాకు సంబంధం లేని మరో అంశం మీదైనా ఉండవచ్చు.

చెల్లని తీర్పును ఉదహరించడం వృత్తి ధర్మానికి కూడా సంబంధించిన విషయం. ఒరిస్సా రాష్ట్రం, నళినీకాంత ముదులి కేసులో (2004) సుప్రీంకోర్టు, అప్పటికే తోసిపుచ్చిన తీర్పును హైకోర్టు ముందు ఉదహరించిన తీరును తప్పుపట్టింది. తనకు వ్యతిరేకమైన తీర్పు ఉన్నా దాన్ని కోర్టు దృష్టికి తేవాల్సిన బాధ్యత లాయరుదే (చూ. న్యాయవాదుల వృత్తి ధర్మాలు).

అంకెలు మారినప్పుడు

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. 1860 నాటి శిక్షాస్మృతి, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో ఇవి వచ్చాయి. దీనితో అన్వేషణకు పెద్ద చిక్కు ఎదురైంది.

క్రిమినల్ లాయరుకు 482 అన్న అంకె అంటే హైకోర్టులో కేసు కొట్టేయించే పిటిషన్. కొత్త సంహితలో అదే 482 ముందస్తు బెయిలు. పాత 438 అయిన ముందస్తు బెయిలు 482కి చేరింది, పాత 482 వెళ్లి 528 అయింది. డేటాబేస్‌లో 482 అని కొడితే ఇప్పుడు రెండు రకాల తీర్పులూ కలిసిపోయి వస్తాయి. హత్యకు 302 స్థానంలో 103, మోసానికి 420 స్థానంలో 318(4), భార్య మీద క్రూరత్వానికి 498ఎ స్థానంలో 85, ఎఫ్‌ఐఆర్‌కు 154 స్థానంలో 173, మనోవర్తికి 125 స్థానంలో 144 వచ్చాయి. దశాబ్దాల తీర్పులన్నీ పాత అంకెల కిందే ఉన్నాయి. అందుకని లాయర్లు పాత సెక్షన్‌తో వెతికి, కొత్త సెక్షన్ మాటలతో పోల్చి, భాష మారలేదని నిర్ధారించుకున్నాకే పాత తీర్పును వాడుతున్నారు. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కాబట్టి రెండు పట్టికలూ ఇంకా చాలా ఏళ్లు టేబుల్ మీద ఉండాల్సిందే.

తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక సమస్యలు

తెలుగు నేల మీద కోర్టులు, రాష్ట్రాలు పలుమార్లు మారాయి. ఏ తీర్పు ఎవరికి కట్టుబాటు అన్నది అందువల్ల చరిత్ర ప్రశ్న కూడా అయింది. గుంటూరులో హైకోర్టు ఏర్పడిన మరుసటి ఏడాదే, 1955లో, సుబ్బరాయుడు కేసులో ఫుల్ బెంచి అంతకు ముందరి మద్రాసు హైకోర్టు తీర్పులు ఆంధ్ర హైకోర్టుకు శిరోధార్యమని తేల్చింది. ఇనాములు, దేవాదాయ భూముల కేసుల్లో పాత మద్రాసు లా జర్నల్ సంపుటాలు ఈనాటికీ బీరువాల్లోంచి బయటికి రావడానికి కారణం అదే.

2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగింది. పునర్వ్యవస్థీకరణ చట్టం 100, 101 సెక్షన్ల ప్రకారం ఉమ్మడి రాష్ట్ర చట్టాలు రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగాయి. వాటిని సవరణలతో అన్వయించుకోవడానికి రెండేళ్ల గడువు ఇచ్చారు. తెలంగాణ 2016లో ఆ ఉత్తర్వు వెలువరించింది. హైకోర్టు మాత్రం 2018 చివరి వరకు ఉమ్మడిగానే ఉంది. 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విడిగా పనిచేస్తోంది. ఒకే పేరుతో పుట్టిన చట్టానికి ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో రెండు రకాల సవరణలు ఉండవచ్చు. కొన్న బేర్ యాక్ట్ ఏ రాష్ట్రానిదో, ఏ సంవత్సరపు ముద్రణో చూడకుండా వాదించరాదు.

రాష్ట్ర సవరణ మరచిపోతే ఏమవుతుందో వారసత్వ కేసులు చూపిస్తాయి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు కేంద్ర సవరణతో 2005 సెప్టెంబరు 9న వచ్చిందని దేశమంతా చెప్పుకుంటుంది. ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో చేసిన ఆంధ్రప్రదేశ్ సవరణ ఆ హక్కును 1985 సెప్టెంబరు 5 నుంచే, ఇరవై ఏళ్ల ముందే ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించదు. కేంద్ర సవరణలో ఆ మినహాయింపు లేదు. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలా అన్న దానిపై సుప్రీంకోర్టు తీర్పులు చాలాకాలం ఒకదానికొకటి పొసగలేదు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో అక్కర లేదని ముగ్గురు జడ్జీలు తేల్చి, బతికి ఉండాలన్న ఫూలవతి తీర్పును తోసిపుచ్చారు. తెలుగు కుటుంబపు భాగపంపిణీ దావా చేపట్టినవారు పెళ్లి తేదీ, పాత పంపకం తేదీ, రాష్ట్ర సవరణ, కేంద్ర సవరణ, 2020 తీర్పు అన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టుకుంటేనే జవాబు దొరుకుతుంది.

డిజిటల్ అన్వేషణ, దాని పరిమితులు

డేటాబేస్‌లో పదాలు కొట్టి వెతికేటప్పుడు రెండు పదాలూ ఉండాలని, ఏదో ఒకటి చాలని, ఒక పదం ఉండకూడదని, రెండింటి మధ్య ఇన్ని పదాలకు మించి దూరం ఉండకూడదని షరతులు పెట్టవచ్చు. కేసు పురోగతి తెలుసుకోవడానికి ఈ-కోర్ట్స్ వ్యవస్థ ప్రతి కేసుకూ 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు ఇస్తుంది.

వెతుకులాటలో మనకు దొరికినదే కనిపిస్తుంది, దొరకనిది కనిపించదు. దీనిపై డేవిడ్ బ్లేయర్, ఎం. ఇ. మారన్ 1985లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధం. ఒక పెద్ద దావాకు సంబంధించిన దాదాపు 40,000 పత్రాల్లో లాయర్లు కంప్యూటరు సాయంతో వెతికారు. కావలసిన వాటిలో 75 శాతం దొరికాయని నమ్మారు. నిజానికి దొరికింది 20 శాతమే. ఒక పక్షం ప్రమాదం అని రాసినదాన్ని మరో పక్షం సంఘటన అనో, దురదృష్టకర పరిస్థితి అనో రాయడం ఇందుకు ఒక కారణం. ఏ పదం కింద దాగి ఉందో ఊహించలేకపోతే యంత్రం చూపించదు.

తెలుగువారి పేర్లతో ఇదే చిక్కు ఇంకోలా వస్తుంది. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లిషులో కొందరు ఎస్ ఒక్కటితో, కొందరు హెచ్ కలిపి, కొందరు చివర్లో ఒక యు ఎక్కువ చేర్చి రాస్తారు. ఇంటిపేరు ఒక రిపోర్టరులో పూర్తిగా, మరోదానిలో పొడి అక్షరంగా ఉంటుంది. పేరుతో వెతికి తీర్పు లేదనుకోవడం తొందరపాటు. తేదీ, కేసు నంబరు, జడ్జి పేరు, సెక్షన్ ఇలా నాలుగు వైపుల నుంచీ ప్రయత్నించాలి.

కృత్రిమ మేధ

మామూలు భాషలో ప్రశ్న అడిగితే జవాబు రాసి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు లాయర్ల చేతికి వచ్చాయి. పెద్ద తీర్పు సారాంశానికి, వాదన చిత్తుప్రతికి ఇవి పనికొస్తాయి. కానీ ఇవి లేని తీర్పును కూడా పేరు, సంపుటం, పేజీలతో సహా సృష్టించగలవు. న్యూయార్కులో మాటా, అవియాంకా కేసులో చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టుకు సమర్పించిన లాయర్లకు 2023 జూన్ 22న జడ్జి కెవిన్ క్యాస్టెల్ 5,000 డాలర్ల జరిమానా విధించారు. కేరళ హైకోర్టు 2025 జూలైలో జిల్లా న్యాయవ్యవస్థకు ఒక విధానం ప్రకటించి, తీర్పులకు, ఉత్తర్వులకు ఈ సాధనాలను ఆధారం చేసుకోరాదని నిర్దేశించింది. కల్పిత సైటేషన్‌ను పట్టుకోవడం కష్టం కాదు. ఈ-ఎస్‌సీఆర్‌లో గానీ హైకోర్టు వెబ్‌సైటులో గానీ తెరిచి చూస్తే చాలు. ఉన్న తీర్పుకే లేని రేషియోను అంటగట్టినప్పుడు మాత్రం పూర్తి పాఠం చదివితే తప్ప బయటపడదు. ఎక్కువ ప్రమాదం ఈ రెండో దానితోనే.

భాష

రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహార భాష ఇంగ్లిషు. కింది కోర్టుల్లో సాక్షులు తెలుగులో చెబుతారు, దస్తావేజులు తెలుగులో ఉంటాయి, చట్టం మాత్రం ఇంగ్లిషు తీర్పుల్లో ఉంటుంది. 2019లో వచ్చిన సువాస్ అన్న అనువాద సాఫ్ట్‌వేర్ సాయంతో సుప్రీంకోర్టు తీర్పులను భారతీయ భాషల్లోకి తెస్తున్నారు. 2023 నుంచి ఈ-ఎస్‌సీఆర్‌లో తెలుగు అనువాదాలు కూడా కనిపిస్తున్నాయి. అనువాదం కక్షిదారు అర్థం చేసుకోవడానికే, అధికారిక ప్రయోజనాలకు ఇంగ్లిషు పాఠమే ప్రమాణమన్న గమనిక వాటి మీద ఉంటుంది. జిల్లా కోర్టు లాయరు సాయంత్రం ఆఫీసులో కక్షిదారుకు తెలుగు ప్రతి చదివి వినిపించి, మర్నాడు కోర్టులో జడ్జికి ఇంగ్లిషు ప్రతిలోని పేరా నంబరు చూపిస్తారు.